కోళ్లలో ఏ వైరస్ ఉందో జన్యు పరీక్షతో తేల్చుకోవడం ఎలా: గోదావరి డెల్టా లేయర్ (గుడ్ల కోళ్ల) రైతుల కోసం

పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) రిపోర్టులో "రాణిఖేత్ పాజిటివ్" అని ఉంటే మీ కోళ్లు ఆ వైరస్ తెచ్చే కొక్కెర తెగులుతోనే చస్తున్నాయని అర్థం కాదు. పది రోజుల కిందట నీళ్లలో కలిపి తాగించిన లసోటా వ్యాక్సిన్ కూడా బతికున్న రాణిఖేత్ వైరసే. పరీక్ష దాన్నీ పట్టుకుంటుంది, దానికీ పాజిటివ్ అనే చూపిస్తుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన మందలో వైరస్ లేదని కూడా కాదు. పనికిరాని కోడిని ఎంచుకుని, ఆలస్యంగా, సంబంధం లేని అవయవం తీసి పంపితే ఎంత మంచి ల్యాబ్‌కైనా ఏమీ దొరకదు. ఈ పరీక్షలో సగం పని షెడ్డులోనే జరిగిపోతుంది. అందుకే ఇక్కడ యంత్రాల గురించి తక్కువగా, షెడ్డు గురించి, రిపోర్టు చదవడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

తణుకు, పెరవలి, ఉండ్రాజవరం, అనపర్తి, బిక్కవోలు, మండపేట చుట్టుపక్కల ఒక షెడ్డు గాలి ఇంకో షెడ్డుకు తగిలేంత దగ్గరగా ఫారాలున్నాయి. మేత లారీ, గుడ్ల ట్రేలు, వ్యాక్సిన్ వేసే కూలీల బృందం అన్ని ఫారాలకూ తిరుగుతాయి. ఒకచోట పేరు తప్పుగా పెట్టుకున్న తెగులు పది ఊళ్లకు పాకడానికి ఇక్కడ ఎక్కువ రోజులు పట్టదు.

ముందుగా: ఇది బర్డ్ ఫ్లూ కావచ్చా?

మిగతా అన్ని మెట్లకన్నా ఇది ముందు. ఎందుకంటే జవాబు "కావచ్చు" అయితే మీరు శాంపిల్ తీయకూడదు, ఎవరిచేతా తీయించకూడదు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల నమూనాల్లో హెచ్5ఎన్1 ఉందని భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ నిర్ధారించింది. మన దేశంలో బర్డ్ ఫ్లూను అధికారికంగా ఖరారు చేసేది ఆ సంస్థే. కోళ్లు గుంపుగా చస్తుంటే మన వైపు అందరికీ మొదట తోచేది కొక్కెర తెగులు. కానీ ఉధృతమైన కొక్కెర తెగులునూ బర్డ్ ఫ్లూనూ కంటితో చూసి విడదీయడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా సాధ్యం కాదు. రెండింటిలోనూ హఠాత్తుగా చావులు, మెడ తిరగడం, పచ్చ విరేచనాలు, గుడ్ల దిగుబడి పడిపోవడం కనిపించవచ్చు. జుట్టు నీలంగా మారడం, తల వాయడం, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలు, మేత నీళ్లు ఒక్కసారిగా తగ్గడం కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనుమానం బలపడుతుంది. ఇవి లేనంత మాత్రాన అనుమానం పోదు.

కాబట్టి రోజువారీ మోర్టాలిటీ (చావుల సంఖ్య) ఎప్పటి లెక్కకు ఎన్నో రెట్లు పెరిగి, మర్నాడు మళ్లీ పెరిగితే కోడిని కోయకండి. షెడ్డులో పోస్టుమార్టం చేయడమంటే వైరస్‌ను మీ చేతులకు, ముక్కుకు, చెప్పులకు పూసుకోవడమే. 2025లో పల్నాడు జిల్లాలో హెచ్5ఎన్1 సోకి ఒక చిన్నారి చనిపోయిన సంగతి మరిచిపోకూడదు. షెడ్డు నుంచి కోళ్లు, గుడ్లు, ఎరువు, ట్రేలు బయటికి పోకుండా ఆపి, మండల పశువైద్యాధికారికి చెప్పండి. అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి అనుమానాన్ని తెలియజేయడం యజమాని బాధ్యత. శాంపిళ్లను పీపీఈ కిట్లు వేసుకున్న పశుసంవర్ధక శాఖ బృందమే తీస్తుంది, పంపిస్తుంది.

చెబితే మంద మొత్తం పోతుందని, చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపేస్తారని టెన్షన్ ఉండటం సహజం. కేంద్ర కార్యాచరణ ప్రణాళికలో కిలోమీటరు వరకు ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల వరకు నిఘా జోన్ ఉన్న మాట నిజమే. అయితే డబ్బు లెక్క కూడా చూసుకోండి. పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే, నాశనం చేయించిన గుడ్లకు, మేతకే వస్తుంది. అంతకుముందే చచ్చిన కోళ్లకు రాదు. దాచిన ప్రతి రోజూ పరిహారం వచ్చే కోళ్లు తగ్గిపోతుంటాయి. చచ్చిన కోళ్లను కాలువలోనో చేపల చెరువులోనో పడేసే పని మాత్రం వద్దు. డెల్టాలో మీ కాలువ నీళ్లు కింద ఊరి షెడ్డుకు తాగునీళ్లు.

ఇక్కడి నుంచి రాసేదంతా బర్డ్ ఫ్లూ అనుమానం లేదని పశువైద్యుడు చూసి చెప్పాక చేసే పని.

ప్రశ్న ఏమిటో కాగితం మీద రాయండి

"ఏం రోగమో చూడండి" అని శాంపిల్ పంపితే ల్యాబ్ తన దగ్గరున్న నాలుగు కిట్లు వేసి నాలుగు జవాబులు ఇస్తుంది. మీ ప్రశ్న వేరు. "40 వారాల లేయర్లలో గుడ్లు 12 శాతం పడ్డాయి, పెంకు ముడతలు పడుతోంది, తెల్లసొన నీళ్లలా ఉంది. ఇది ఐబీనా? ఐబీ అయితే మేం వేసిన వ్యాక్సిన్ వైరసా, బయటి రకమా?" ఇలా రాస్తే (ఐబీ అంటే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ శ్వాస జబ్బు) ఏ జన్యువును వెతకాలో ల్యాబ్‌కు తెలుస్తుంది.

ప్రశ్న రాసేముందు వైరస్ కాని కారణాలను తీసేయండి. మే నెల ఎండకు, ఉక్కపోతకు గుడ్లు పడటం, బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ విషం, కరెంటు పోయి లైటు గంటలు తగ్గడం, కొరైజా, మైకోప్లాస్మా లాంటి బాక్టీరియా జబ్బులు, ఇవన్నీ వైరస్‌లాగే కనిపిస్తాయి. లైటు టైమరు చెడిపోయిన షెడ్డుకు పీసీఆర్ చేయించడం డబ్బు దండగ.

గుడ్డే చాలా సంగతులు చెబుతుంది. కోళ్లు హుషారుగా తింటూ తిరుగుతూ పెంకు లేని, పలచటి పెంకు, రంగు వెలిసిన గుడ్లు పెడుతుంటే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ జబ్బు గుర్తుకు రావాలి. దగ్గు, గురకతో పాటు ఆకారం చెడిన గుడ్లు వస్తే ఐబీ. గుడ్లు బాగా పడి, కొద్దిగా శ్వాస ఇబ్బంది ఉండి, మోర్టాలిటీ మాత్రం అంతగా లేకపోతే హెచ్9ఎన్2ను లెక్కలోకి తీసుకోవాలి. ఇది కూడా ఇన్‌ఫ్లుయెంజానే. తక్కువ ఉధృతి గలదే అయినా, ఇన్‌ఫ్లుయెంజా అనుమానం ఎలాంటిదైనా శాఖకు చెప్పే చేయాలి.

ఏ కోడి, ఏ రోజు, ఏ అవయవం

ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది ఇక్కడే. మన వాళ్లు సాధారణంగా బాగా కుంగిపోయి, మూల నక్కి, వారం రోజులుగా నీరసించిన కోడిని తెచ్చి ఇస్తారు. దాన్ని చూస్తే జాలేస్తుంది, కానీ శాంపిల్‌కు అది పనికిరాదు. అప్పటికి దాని ఒంట్లో యాంటీబాడీలు తయారై వైరస్ తగ్గిపోయి, ఈ-కోలై లాంటి బాక్టీరియా పైచేయి సాధించి ఉంటుంది. ఈ రోజో నిన్నో జబ్బు మొదలైన కోడి కావాలి. కళ్లు సగం మూసి, రెక్కలు కాస్త జార్చి, ఇంకా నిలబడే ఉన్న కోడి. అలాంటివి ఐదారు. వాటితో పాటు ఆ పూట చచ్చిన రెండు మూడు. రాత్రి చచ్చి తెల్లారి దొరికిన కోడి మన వేసవిలో అప్పటికే కుళ్లడం మొదలుపెడుతుంది. చాలా వైరస్‌ల జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ అన్నిటికన్నా ముందు కరిగిపోయేది.

అవయవం వైరస్‌ను బట్టి మారుతుంది. రాణిఖేత్‌కు గొంతు, క్లోయకా (రెట్ట వచ్చే ద్వారం) స్వాబ్‌లు (పుల్ల కొనకు అంటించి తీసే నమూనాలు), చచ్చిన వాటి నుంచి మెదడు, ప్లీహం, ప్రోవెంట్రిక్యులస్ (జీర్ణరసాలు ఊరే పొట్ట), సీకల్ టాన్సిల్ (పేగు చివరి భాగంలోని రోగనిరోధక కణజాలం). మెడ తిరుగుతున్న కోడిలో మెదడును మరవకండి. స్వాబ్‌లో వ్యాక్సిన్ వైరస్ కనిపించవచ్చు గానీ మెదడులో బాగా దొరికితే దాని బరువు వేరు. ఐబీకి మొదటి వారం శ్వాసనాళం. ఆ తరువాత మూత్రపిండం, సీకల్ టాన్సిల్. ఐఎల్‌టీ అనే మరో వైరస్ శ్వాస జబ్బుకు శ్వాసనాళమే. కోడి అమ్మవారికి పొక్కుల మీది చెక్కు గీరి తీస్తే చాలు, ఎండిన చెక్కులో కూడా ఆ డీఎన్ఏ వైరస్ గట్టిగా నిలుస్తుంది. కాలేయం ఉబ్బి, గుండె చుట్టూ నీరు చేరిన బ్రాయిలర్లలో అడినో వైరస్ కోసం కాలేయం పంపాలి.

గంబోరో అనే వైరస్ జబ్బుకు బర్సా, అంటే కోడి క్లోయకా దగ్గరుండే రోగనిరోధక అవయవం. ఇందులో రోజు లెక్క చాలా ముఖ్యం. సోకిన మూడు నాలుగు రోజులకు బర్సా వాచి రెట్టింపవుతుంది, జెల్లీలా పసుపుగా ఉంటుంది. ఎనిమిదో రోజుకల్లా కుంచించుకుపోతుంది. వాచిన బర్సాలో వైరస్ నిండుగా ఉంటుంది. కుంచించుకున్న బర్సాలో దొరక్కపోతే అది నెగెటివ్ కాదు, ఆలస్యం.

గడ్డలు తెచ్చే మారెక్స్ వైరస్ సంగతి మరీ తికమక. ఆ వైరస్ ఈకల కుదుళ్లలో పెరిగి దుమ్ములో వ్యాపిస్తుంది కాబట్టి షెడ్డులో చాలా కోళ్లలో ఉంటుంది. ఉందా లేదా అని అడగడం వృథా. గడ్డ వచ్చిన అవయవంలో, ఈక కుదుళ్లలో ఎంత మోతాదులో ఉందో కొలిచే పీసీఆర్ కావాలి, గడ్డ ముక్కను ఫార్మాలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకీ (సూక్ష్మదర్శినితో చేసే కణజాల పరీక్ష) పంపాలి. హ్యాచరీలో వేసిన హెచ్‌వీటీ వ్యాక్సిన్ వేరే సెరోటైపు (యాంటీబాడీలు వేరుగా గుర్తించే రకం) కాబట్టి దాన్ని విడిగా గుర్తించడం తేలిక. రిస్పెన్స్ వ్యాక్సిన్ వేసి ఉంటే తేలిక కాదు, ల్యాబ్‌కు ముందే చెప్పండి.

ఎన్ని కోళ్లు? జబ్బున్న మందలో జబ్బు కోళ్ల నుంచే తీస్తే ఐదు నుంచి పది సరిపోతాయి. లక్షణాలు లేని మందలో వైరస్ తిరుగుతోందా అని వెతికేటప్పుడు లెక్క మారుతుంది. పదింట ఒక కోడికి సోకి ఉంటే, ఎటూ ఎంచకుండా 30 కోళ్ల నుంచి తీస్తే కనీసం ఒకటైనా దొరికే అవకాశం 95 శాతం. ఇరవైలో ఒకటికే ఉంటే 60 కోళ్లు కావాలి. షెడ్డు గేటు దగ్గరి మొదటి వరుసలోనే అన్నీ తీయకండి. ఫ్యాన్ల వైపు, నీటి పైపు చివర, పై అంతస్తు కేజ్‌లు, కింది కేజ్‌లు అన్నీ కలవాలి.

స్వాబ్ తీయడం

చెక్క పుల్లకు దూది చుట్టిన స్వాబ్ వద్దు. చెక్కలోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. ప్లాస్టిక్ పుల్లకు డాక్రాన్ లేదా పాలిస్టర్ కొన ఉన్నది వాడండి. నోరు తెరిచి, నాలుక వెనక, గొంతు పై గోడ, శ్వాసనాళం మొదలు మీద మెల్లగా తిప్పాలి. క్లోయకా స్వాబ్‌కు కొన మీద కాస్త రెట్ట అంటితే చాలు, ముద్దగా వద్దు. రెట్టలో కూడా పీసీఆర్‌ను ఆపేసే పదార్థాలుంటాయి.

వైరస్ రవాణా ద్రవం ఉన్న ట్యూబులో స్వాబ్ ముంచి, పుల్ల విరిచి, మూత బిగించాలి. ఒక ట్యూబులో ఐదు స్వాబ్‌ల వరకు కలపవచ్చు. కానీ గొంతు స్వాబ్‌లు గొంతువాటితోనే, క్లోయకావి క్లోయకావాటితోనే. కోడినీ బాతునూ కలపకూడదు. రెండు షెడ్లను కలపకూడదు. ఐదింటిలో ఒక్కదానికే వైరస్ ఉంటే అది ఐదో వంతుకు పలచబడుతుంది. పీసీఆర్ లెక్కలో ఇది రెండు సైకిళ్లకు కాస్త ఎక్కువ ఆలస్యం, పెద్ద నష్టమేమీ కాదు.

అవయవం ముక్క చిక్కుడు గింజంత చాలు. ఒక్కో అవయవం ఒక్కో డబ్బాలో. పేగు ముక్కను మిగతా వాటితో కలిపితే అంతా పాడవుతుంది. ఒక కోడి నుంచి ఇంకో కోడికి వెళ్లేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడిస్తే సూక్ష్మజీవి చస్తుంది గానీ దాని డీఎన్ఏ, ఆర్ఎన్ఏ కత్తెర మీదే ఉంటాయి, పక్క శాంపిల్ కూడా పాజిటివ్ అవుతుంది. బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, శుభ్రమైన నీళ్లతో కడిగి, తుడిచి వాడండి. లేదంటే కోడికో బ్లేడు.

పీసీఆర్‌కు వెళ్లే ముక్కను ఫార్మాలిన్‌లో వేయొద్దు. అది జన్యు పదార్థాన్ని బిగించేసి ముక్కలు చేస్తుంది. హిస్టోపాథాలజీకి వేరే ముక్క, వేరే డబ్బా, వేరే పెట్టె. ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో రాస్తే ఐసు నీళ్లకు చెరిగిపోతుంది. ప్లాస్టరు అంటించి పెన్సిల్‌తో రాయండి.

ఐసు పెట్టె

డెల్టాలో ఈ ఒక్కటీ మనకు కలిసొచ్చింది. రొయ్యల పుణ్యమా అని భీమవరం చుట్టుపక్కల థర్మాకోల్ పెట్టె, ఐసు దొరకని ఊరు లేదు. కొత్త పెట్టె తీసుకోండి, చేపల నీళ్లు కారినది కాదు. ట్యూబులను రెండు జిప్ కవర్లలో పెట్టి, వాటి మధ్య పీల్చుకునే దూదో పేపరో ఉంచి, గట్టి డబ్బాలో పెట్టి, దాని చుట్టూ జెల్ ప్యాకులు పేర్చండి. విడి ఐసు ముక్కలు కరిగితే డబ్బాలన్నీ ఈదుతాయి.

4 డిగ్రీల చల్లదనంలో స్వాబ్‌లు రెండు మూడు రోజులు నిలుస్తాయి. ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించి, కరెంటు పోయి కరిగి, మళ్లీ గడ్డకట్టిన శాంపిల్ కన్నా మొదటి నుంచీ చల్లగా మాత్రమే ఉంచినది నయం. ఇంకో దారి ఎఫ్‌టీఏ కార్డు. అవయవాన్ని కార్డు మీద అద్ది, నీడన ఆరబెట్టి, కవరులో పెట్టి పంపవచ్చు, ఐసు అక్కర్లేదు. కార్డులోని రసాయనం వైరస్‌ను చంపి జన్యు పదార్థాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి దారిలో ప్రమాదమూ తక్కువే. కానీ కార్డు మీది వైరస్ చచ్చినదే, ల్యాబ్ దాన్ని గుడ్లలో పెంచి చూడలేదు. వర్షాకాలంలో కార్డు ఆరకముందే కవర్లో పెడితే బూజు పడుతుంది, సిలికా పొట్లం వేయండి.

ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి పంపండి. జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల లాంటి చోట్ల ఏ వైరస్‌లకు కిట్లు ఉన్నాయో ఎప్పటికప్పుడు మారుతుంటుంది. శుక్రవారం సాయంత్రం బస్సులో వేసిన పెట్టె సోమవారం దాకా ఎవరి బల్ల మీద ఉంటుందో ఎవరూ చెప్పలేరు. వారం మొదట్లో, మనిషిని ఇచ్చి పంపితే నిశ్చింత.

పెట్టెతో పాటు వెళ్లాల్సిన కాగితం పెట్టెకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. కోళ్ల వయసు వారాల్లో, జాతి, షెడ్డులో సంఖ్య, గత పది రోజుల మోర్టాలిటీ, గుడ్ల శాతం, వాడిన యాంటీబయోటిక్‌లు. అన్నిటికన్నా ముందు వ్యాక్సిన్ చరిత్ర: ఏ రకం, ఏ కంపెనీ, ఏ బ్యాచ్, ఏ తేదీ, కంట్లో చుక్కా, నీళ్లా, సూదా. ఈ కాగితం లేకపోతే తరువాత వచ్చే సీక్వెన్స్ (వైరస్ జన్యు అక్షరాల వరుస) అర్థమే కాదు.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది

ఇది త్వరగా ముగిస్తాను. శాంపిల్ నుంచి జన్యు పదార్థాన్ని వేరు చేస్తారు. రాణిఖేత్, ఐబీ, గంబోరో, ఇన్‌ఫ్లుయెంజా ఆర్ఎన్ఏ వైరస్‌లు కాబట్టి వాటి ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏ రూపంలోకి మారుస్తారు. మారెక్స్, ఐఎల్‌టీ, అమ్మవారు, అడినో డీఎన్ఏ వైరస్‌లు, వాటికి ఆ మెట్టు అక్కర్లేదు. ఆపైన ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కలు వైరస్ జన్యువులో తమకు సరిపోయే చోట అతుక్కుంటాయి, ఎంజైము ఆ భాగాన్ని సైకిల్ సైకిల్‌కూ రెట్టింపు చేస్తుంది. 35 నుంచి 40 సైకిళ్లు. రియల్ టైమ్ యంత్రంలో పెరుగుదల వెలుగు రూపంలో అప్పటికప్పుడే కనిపిస్తుంది, శాంపిల్ అందిన రోజో మర్నాడో ఫలితం రావచ్చు. సీక్వెన్సింగ్‌కు రోజులు, ఒక్కోసారి వారాలు.

ల్యాబ్‌ను అడగాల్సిన ప్రశ్నలు రెండే. నెగెటివ్ కంట్రోల్ (వైరస్ లేదని తెలిసిన ట్యూబు) శుభ్రంగా వచ్చిందా? ప్రతి శాంపిల్‌లో ఇంటర్నల్ కంట్రోల్ (పరీక్ష సరిగ్గా నడిచిందని చూపే గుర్తు) పని చేసిందా? మొదటిది తేడా వస్తే మీ పాజిటివ్ పక్క ట్యూబు నుంచి చిందినది కావచ్చు. రెండోది పని చేయకపోతే మీ నెగెటివ్ నెగెటివ్ కాదు, పరీక్ష జరగలేదంతే.

రిపోర్టు చదవడం

సీటీ అనే అంకె ఉంటుంది. ఎన్నో సైకిల్‌కు వెలుగు గీత దాటిందో అది. అంకె తక్కువైతే వైరస్ ఎక్కువ. ఒక్కో సైకిల్ దాదాపు రెట్టింపు కాబట్టి సీటీ 18కీ 28కీ మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లు. చస్తున్న కోళ్ల అవయవాల్లో 18, 20 లాంటి అంకెలు వరుసగా వస్తే ఆ వైరస్ మీద అనుమానం గట్టిపడుతుంది. ఒక్క ట్యూబులో 36 వచ్చి మిగతావి ఖాళీగా ఉంటే అది పాత ఇన్‌ఫెక్షన్ చివరి దశ కావచ్చు, వ్యాక్సిన్ కావచ్చు, ల్యాబ్ కల్తీ కావచ్చు. మళ్లీ తీసి చూడాలి. ఎక్కడ గీత గీయాలన్నది కిట్‌ను బట్టి, ల్యాబ్‌ను బట్టి మారుతుంది. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో, స్వాబ్ అంకెను మెదడు అంకెతో పోల్చకండి.

రెండు మూడు వైరస్‌లు కలిసి పాజిటివ్ రావడం మన షెడ్లలో వింత కాదు. వాటిలో అసలు ముద్దాయి ఎవరో లక్షణాలు, పోస్టుమార్టం, సీటీ, వ్యాక్సిన్ తేదీ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. గుడ్లు పడిపోయి మూడు వారాలు దాటాక పిలిస్తే పీసీఆర్ కన్నా రక్తపు సీరం మేలు. అందుకోసం జబ్బు మొదట్లోనే ఒకసారి రక్తం తీసి దాచిపెట్టుకుని, మూడు వారాలకు మరోసారి అవే కోళ్ల రక్తం తీసి టైటర్ (యాంటీబాడీల మోతాదు) ఎంత ఎగబాకిందో చూడాలి.

వ్యాక్సిన్ వైరసా, బయటి వైరసా

మార్గమంతటిలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. మార్కెట్లో ఎక్కువ మాయ జరిగేదీ ఇక్కడే.

రాణిఖేత్ వైరస్‌లో ఫ్యూజన్ ప్రొటీన్ అనేది ఒకటి ఉంది. అది రెండుగా తెగితేనే వైరస్ కణంలోకి దూరగలదు. తెగేచోట 112 నుంచి 117 వరకున్న ఆరు అమైనో ఆమ్లాలు ఏమిటో చూస్తే ఉధృతి తెలుస్తుంది. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం లెక్కన లసోటాలో ఆ వరుస జీ-ఆర్-క్యూ-జీ-ఆర్-ఎల్. దాన్ని కోసే ఎంజైములు శ్వాసనాళం, పేగుల్లోనే ఉంటాయి కాబట్టి వైరస్ అక్కడికే పరిమితం. ఉధృతమైన బయటి వైరస్‌లో ఎక్కువగా ఆర్-ఆర్-క్యూ-కే-ఆర్-ఎఫ్. ఆర్, కే లాంటి క్షార అమైనో ఆమ్లాలు గుత్తిగా ఉంటే ఒంట్లో అన్ని అవయవాల్లో ఉండే ఎంజైము కూడా కోసేస్తుంది, వైరస్ మెదడు దాకా పాకుతుంది. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ ఉధృతిని నిర్వచించే పద్ధతుల్లో ఒకటి కూడా ఇదే: 113, 116 మధ్య కనీసం మూడు ఆర్ లేదా కే, 117లో ఎఫ్. బర్డ్ ఫ్లూలో హెచ్‌ఏ ప్రొటీన్ తెగేచోటు చూసేదీ ఇదే సూత్రంతో.

ఇక్కడ ఒక మెలిక. మన దేశంలో ఎనిమిది పది వారాల లేయర్లకు వేసే ఆర్2బి వ్యాక్సిన్ మధ్యస్థ ఉధృతి గల వైరస్. దాని వరుస ఆర్-ఆర్-క్యూ-ఆర్-ఆర్-ఎఫ్. అంటే తెగేచోటు మాత్రమే చదివితే ఆర్2బి కూడా "ఉధృతమైన రాణిఖేత్" అనే వస్తుంది! పదకొండు వారాల గ్రోయర్లలో కొద్దిగా నీరసం కనిపించి, స్వాబ్‌లో ఈ వరుస వస్తే భయపడేముందు సూది వేసిన తేదీ చూడాలి. తేల్చడానికి ఫ్యూజన్ జన్యువును పొడవుగా చదివించి వంశవృక్షంలో పెట్టించాలి. ఆర్2బి జీనోటైప్ (జన్యు వంశం) 3లో, లసోటా 2లో పడతాయి. మన దేశపు ఈ మధ్య కాలపు బయటి వైరస్‌లు ఎక్కువగా 13లో, కొన్ని 7లో.

గంబోరోలో చదివించాల్సింది వీపీ2 జన్యువులోని బాగా మారే భాగం. అతి ఉధృతమైన రకానికి 222లో అలనిన్, 256లో, 294లో ఐసోల్యూసిన్, 299లో సెరిన్ గుర్తులు. ఐబీలో ఎస్1 జన్యువు. హెచ్120, 4/91 వ్యాక్సిన్ వైరస్‌ల సీక్వెన్స్‌తో పోల్చాలి. భారత్‌లో దొరికిన వైరస్‌లతో గుర్తించిన జీఐ-24 అనే వంశం కూడా ఉంది. బతికున్న ఐబీ వ్యాక్సిన్ సీకల్ టాన్సిల్‌లో చాలా వారాలు మిగిలి ఉండగలదు. కాబట్టి అక్కడ హెచ్120తో అచ్చంగా కలిసే వైరస్ దొరికితే అది మీరు వేసిందే కావడానికి ఎక్కువ అవకాశం, గుడ్లు పడటానికి కారణం ఇంకెక్కడో వెతకాలి.

జీనోటైప్ 13 అని రిపోర్టు వచ్చిందని తెలియగానే "మీ పాత వ్యాక్సిన్ దీనికి పనికిరాదు, కొత్తది వేయండి" అని ఎవరో ఒకరు వస్తారు. రాణిఖేత్ వైరస్‌లన్నీ ఒకే సెరోటైపు. సరిగ్గా వేసిన లసోటా జీనోటైప్ వేరైనా చావు నుంచి కాపాడుతుంది, వైరస్ విసర్జనను మాత్రం అంతగా తగ్గించలేకపోవచ్చు. ముందు చూడాల్సింది వేసిన పద్ధతి. క్లోరిన్ కలిపిన ట్యాంకు నీళ్లలోనే వ్యాక్సిన్ కలిపారా, లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు వెన్న తీసిన పాలపొడి వేశారా, పైపు చివరి కేజ్‌లకు మందు చేరిందా, సీసా ఐసులోనే వచ్చిందా. హెచ్‌ఐ టైటర్లు (రక్తంలో రాణిఖేత్ యాంటీబాడీల కొలత) చూస్తే చాలాసార్లు లోపం వైరస్‌లో కాదు, నీళ్ల ట్యాంకులో దొరుకుతుంది.

బాతులు, పందెం కోళ్లు

సార్వా, దాళ్వా కోతలయ్యాక చేలల్లోకి దిగే సంచార బాతుల మందలు, కొల్లేరుకు వచ్చే వలస పక్షులు, పెరటి కోళ్లు, సంక్రాంతి పందెం పుంజులు మన షెడ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. బాతు బర్డ్ ఫ్లూ వైరస్ మోస్తూ కూడా హుషారుగా ఈదగలదు. బాతుల్లో నిఘా శాంపిల్ తీసేటప్పుడు గొంతు స్వాబ్‌తో సరిపెట్టకుండా క్లోయకా స్వాబ్ తప్పకుండా తీయాలి. ఈ పని శాఖ నిఘాలో భాగం, రైతు సొంతంగా చేసేది కాదు. పందెం కోళ్లు ఊళ్లు మారి, బరిలో రక్తాలు కలుస్తాయి. షెడ్డులో పనిచేసే మనిషి ఇంట్లో పుంజు పెంచుతుంటే మీ బయోసెక్యూరిటీ గోడ అక్కడే కూలినట్టు. ఈ మాట పనివాళ్లతో గట్టిగా కాకుండా, జీతం మాట్లాడే రోజే మంచిగా చెప్పుకోవాలి.

షెడ్డు కడిగాక

కడిగి, సున్నం వేసి, మందు కొట్టిన షెడ్డులో నేల, నీటి పైపు, ఫ్యాన్ రెక్కల మీద స్వాబ్ తీసి పీసీఆర్ చేయిస్తే పాజిటివ్ రావచ్చు. కంగారు వద్దు. పీసీఆర్‌కు బతికున్న వైరస్‌కూ చచ్చిన వైరస్‌కూ తేడా తెలియదు, జన్యువు ముక్క మిగిలితే చాలు పాజిటివ్ అంటుంది. బతికున్నదా అని తేల్చాలంటే తొమ్మిది నుంచి పదకొండు రోజుల పిండమున్న గుడ్లలో పెంచి చూడాలి, అది అనుమతి ఉన్న ల్యాబ్ పని. రైతుకు ఉపయోగపడే సూచన వేరే: వారం తరువాత మళ్లీ స్వాబ్ తీసి సీటీ అంకె పెరుగుతోందా చూడండి. అంకె తగ్గితే మాత్రం ఎక్కడో వైరస్ పుడుతూనే ఉందన్నమాట, ఎలుకలు, ఎరువు గుంట, పక్క షెడ్డు వెతకండి.

సీక్వెన్స్ చేయించినప్పుడు దాన్ని జెన్‌బ్యాంక్ అనే అంతర్జాతీయ జన్యు భండారంలో జమ చేయమని ల్యాబ్‌ను అడిగి, ఇచ్చిన నంబరును ఆ బ్యాచ్ వ్యాక్సిన్ రిజిస్టరులోనే రాసి పెట్టుకోండి. మిగిలిన ఆర్ఎన్ఏను మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంచమని అడగండి. రెండేళ్ల తరువాత అదే షెడ్డులో మళ్లీ రాణిఖేత్ వస్తే అది మీ పాత వైరసే దాగి తిరిగొచ్చిందా, కొత్త పిల్లలతోనో మేత లారీతోనో బయటి నుంచి దిగిందా అన్నది ఆ రెండు సీక్వెన్స్‌లు పక్కపక్కన పెడితే గానీ తెలియదు.